పెట్టో పుంజో తెలియని పిల్ల

మా పెళ్లయిన రెండో ఏడు చలికాలంలో, భూపాలపల్లిలో మా క్వార్టర్ల సందులోకి ఒకాయన స్కూటరు వెనక జాలీ పెట్టె కట్టుకుని వచ్చాడు. పెట్టె నిండా కోడిపిల్లలు. కొన్ని గులాబి, కొన్ని ఆకుపచ్చ, కొన్ని నారింజ. హోలీ ఆడి వచ్చినట్టున్నాయి. వాటి కిచకిచలకు సందులోని ఆడవాళ్లంతా గేట్ల దగ్గరికి వచ్చారు. మా అత్తమ్మ అందరికన్నా ముందు పోయి పెట్టె పక్కన గొంతుక్కూర్చుంది.

నేను కిటికీ పక్కన మిషను మీద జాకెట్టు కుడుతున్నాను. మాటలన్నీ నాకు వినబడుతూనే ఉన్నాయి.

"అన్ని పెట్టలేనా?" అని అడిగింది అత్తమ్మ.

"అన్ని పెట్టలే అవ్వా. వానకాలం వరకు గుడ్లు తినుకుంట నన్ను యాది చేసుకుంటవ్."

"ఏం జాతి?"

"ఫారం జాతి. దినాము గుడ్డు పెడ్తయి."

అత్తమ్మ ఒక్కొక్క పిల్లను ఎత్తి, కాళ్లు చూసి, కళ్లు చూసి ఆరింటిని ఏరుకుంది. కొంగులో వేసుకుని ఇంట్లోకి వచ్చి, నావైపు కాకుండా గోడవైపు తిరిగి, "ఏదన్న అట్టపెట్టె ఉంటె మంచిగుండు" అంది.

అది నాకు చెప్పిన మాటే. అప్పటికి ఏడాది దాటింది, అత్తమ్మ నాతో అట్లాగే మాట్లాడేది. ఉప్పు తక్కువైతే పొయ్యికి చెప్పేది. నీళ్లు రాకపోతే నల్లాకు చెప్పేది. నన్ను తిట్టింది లేదు, అన్నం పెట్టకుండా ఉన్నదీ లేదు. జ్వరం వస్తే నా తల దగ్గర కషాయం గిన్నె పెట్టి పోయేది. కానీ నా ముఖం చూసి మాట్లాడేది కాదు. పక్కింటివాళ్లతో నా గురించి చెప్పాల్సి వస్తే "అది లోపలున్నది" అనేది.

ఆమె కోపానికి కారణం అందరికీ తెలిసిందే. మాది నెల్లికుదురు దగ్గర ఒక తండా. ఇంట్లో మా భాష మాట్లాడుకుంటాం. అత్తమ్మది జనగామ దగ్గర వ్యవసాయం చేసుకునే ఇల్లు. మామయ్య బొగ్గుబాయిలో పనిచేసి పోయాక ఆ కొలువు మా ఆయనకు వచ్చింది. హన్మకొండలో నేను కుట్టుపని నేర్చుకునే రోజుల్లో మేమిద్దరం ఒకరికొకరం నచ్చి, ఇరుపక్కల పెద్దలూ ఒప్పుకోకపోతే, స్నేహితులను తోడు పెట్టుకుని గుళ్లో పెళ్లి చేసుకున్నాం. మా అమ్మ, అంటే మా యాడి, నెల తిరక్కముందే ఫోను చేసింది. మా బాపు మాత్రం చేయలేదు. నేను చేస్తే ఫోను యాడి చేతికిచ్చి బయటికి పోయేవాడు. మా వాళ్లు భూపాలపల్లి రాలేదు. అత్తమ్మ రమ్మనలేదు.

అట్టపెట్టె తెచ్చి లోపల పాత బస్తాముక్క పరిచి, పైన బల్బు వేలాడదీశాను. పిల్లలు వెచ్చదనం కింద గుంపుగా చేరి పడుకున్నాయి. అత్తమ్మ తన మంచాన్ని పెట్టె పక్కకు జరుపుకుంది.

వారానికే రంగులు వెలిశాయి. లోపలినుంచి తెల్లటి ఈకలు రావడం మొదలైంది. చలికి రెండు చచ్చిపోయాయి, ఒకదాన్ని పిల్లి పట్టుకుపోయింది. మిగిలిన మూడూ రోడ్డు మీద బొగ్గు లారీలు లేపే దుమ్ముకు తెలుపూ కాక నలుపూ కాక బూడిదరంగులో తిరిగేవి. నెల దాటేసరికి వాటి తలమీది తురాయి ఎర్రబడింది. ఒకదాన్నొకటి రొమ్ముతో గుద్దుకునేవి.

ఒకరోజు పొద్దున అత్తమ్మ పెరట్లో నూకలు చల్లుతూ ఆగి, వాటినే చూస్తూ, "పిల్లా, మీ తండల కోళ్లు ఉండేటియా?" అంది.

చుట్టూ చూశాను. పెరట్లో నేను తప్ప ఎవరూ లేరు.

"ఉండేటియి అత్తమ్మా. మా యాడి ఇప్పుడు గూడ సాదుతది."

"మరి గివి పెట్టలేనా?"

పుంజుల్లాగే ఉన్నాయని నాకు అనిపించింది. ఆమె ఆశపడి కొనుక్కున్నవి, ఆ మాట నేనే అనడం ఇష్టం లేకపోయింది. "యాడిని అడుగుత" అన్నాను.

సాయంత్రం ఫోనులో అడిగితే యాడి పడీపడీ నవ్వింది. ఆమె పొలం దగ్గర ఉంటే గట్టిగా మాట్లాడడం అలవాటు. ఆ నవ్వు ఇల్లంతా వినబడింది.

"రంగుపిల్లలు కొన్నరా? ఫారమోళ్లు పెట్టల్ని ఉంచుకొని పుంజుల్నే బయటికి అమ్ముతరు బిడ్డా. పెట్ట అయితె వాళ్లెందుకు ఇడుస్తరు?"

మా భాషలోనే అంది కానీ, అత్తమ్మకు ఆ నవ్వు చాలు, అర్థమైపోయింది. మంచం మీద పండుకుని పైకప్పును చూస్తూ అంది: "నవ్వుడెందుకు? అంత తెలిసినోళ్లు మంచి పిల్లలను పంపొచ్చు గద."

ఆ మాటను నేను అట్లాగే యాడికి చేరవేశాను. యాడి మెల్లగా, "పంపుమన్నదా? ఆమెనే అన్నదా?" అని రెండుసార్లు అడిగింది.

ఆ వారంలోనే బాపు పత్తి అమ్మడానికి కేసముద్రం మార్కెట్టుకు పోతున్నాడని, ఆయనతో గంప పంపిస్తానని, మా ఆయన వచ్చి తీసుకోవాలని చెప్పింది. నేనూ వస్తానన్నాను.

"రా. మాట్లాడతడో లేదో మాత్రం నాకు తెల్వదు" అంది యాడి.

మా ఆయన ఆ రోజు సెలవు పెట్టాడు. బస్సులో వరంగల్ పోయి, అక్కడినుంచి రైలెక్కి కేసముద్రంలో దిగాం. మార్కెట్టు ఆవరణంతా ట్రాక్టర్లు, లారీలు. ఎక్కడ చూసినా పత్తి బస్తాలే. గాలికి దూది పింజలు లేచి మనుషుల తలల మీద వాలుతున్నాయి. బాపు ఒక ట్రాలీ నీడన బస్తాకు ఆనుకుని కూర్చున్నాడు. పక్కన వెదురు గంప, దాని మీద యాడి పాత చీర ముక్క కట్టి ఉంది.

నన్ను చూసి లేచాడు. చిక్కిపోయాడు. జుట్టులో పత్తి అతుక్కుని ఉందో, నెరిసిందో దూరంనుంచి తెలియలేదు. దగ్గరికి పోయాక తెలిసింది, నెరిసింది. నేను "బాపూ" అన్నాను. ఆ మాట మా భాషలోనూ, తెలుగులోనూ ఒకటే. ఆయన నన్ను చూడలేదు. మళ్లీ కూర్చుని గంప ముడి విప్పాడు.

లోపల ఆరు పిల్లలు. తల్లిని విడిచిన వయసువి, అరచేయి పట్టేంతవి. బాపు ఒకదాన్ని బయటికి తీశాడు.

"గిది పెట్ట" అన్నాడు. "దీని తల్లి మన చుక్కలకోడి. కాళ్లు సూడు, సన్నగున్నయి."

పక్కన పెట్టి ఇంకోదాన్ని తీశాడు.

"గిది పుంజు. తురాయి అప్పుడే ఎర్రవడ్డది. చెయ్యి పెడితె పొడుస్తది."

మూడోది మెడ మీద ఈకలు లేని బోడిమెడ పిల్ల. దాన్ని మెడ దగ్గర మెల్లగా నిమిరి, "గిది గూడ పెట్టనే. బోడిమెడది ఎండకు తట్టుకుంటది. మీ దిక్కు ఎండలెక్కువ" అన్నాడు. నాలుగోది ఎర్రది. అటూ ఇటూ తిప్పి, "గిది పెట్ట" అన్నాడు. అయిదోది పుంజు.

నేనూ మా ఆయనా ఆయన ఎదురుగా నేలమీద కూర్చున్నాం. బాపు ఒక్కొక్క పిల్లనూ చెప్పి నా ఒళ్లో పెడుతున్నాడు. ఆయన వేళ్లకు పత్తికాయలు గీసుకున్న గాట్లు ఉన్నాయి. నాకు కళ్లు మసకబారుతున్నాయి. పిల్లలు ఎగిరిపోకుండా కొంగు పట్టుకున్నాను.

ఆరోది గంపలో మూలకు నక్కింది. బాపు దాన్ని తీసి నిలబెట్టాడు. కాళ్లు పొడుగు, మెడ పొడుగు. ఒళ్లంతా నల్లగా, రెక్కల దగ్గర మాత్రం ఇటుకరంగు చారలు. తలమీద తురాయి ఉండాల్సిన చోట పెసరగింజంత బుడిపె తప్ప ఏమీ లేదు.

"దీని తండ్రి పక్కింటోళ్ల జాతి పుంజు" అన్నాడు బాపు. "గీ జాతి పిల్లలకు తురాయి లేవదు. పుంజుకూ లేవదు, పెట్టకూ లేవదు. కాళ్లేమో అన్నిటికి లావే ఉంటయి."

"మరి గిది?" అని మా ఆయన అడిగాడు.

"గిది తెల్వదు."

"ఎప్పుడు తెలుస్తది మామా?"

మా ఆయన ఆయన్ని మామా అనడం అదే మొదటిసారి. బాపు చేతులు గంప మీద ఆగాయి. తర్వాత పిల్లలను గంపలో వేసి చీర ముక్క మళ్లీ కట్టసాగాడు.

"పెరగనియ్యాలె" అన్నాడు. "జల్ది పడితె తెల్వదు."

హోటల్లో చాయ్ తాగించాడు. పిల్లలకు దారిలో వేయమని నూకల పొట్లం మా ఆయన చేతిలో పెట్టాడు. తన పత్తికి కాంటా పిలుపు వచ్చిందని లేచిపోయాడు. నా తలమీద చెయ్యి పెట్టలేదు, ఎట్లా ఉన్నావని అడగలేదు. స్టేషనుకు నడుస్తుంటే నాకు ఒక సంగతి తట్టి రోడ్డు మీదే నిలబడిపోయాను.

"ఏమైంది?" అన్నాడు మా ఆయన.

"బాపు అంతసేపు తెలుగే మాట్లాడిండు" అన్నాను. "నాతోని ఎప్పుడు తెలుగు మాట్లాడడు. నీకు సమజ్ కావాలనే మాట్లాడిండు."

మా ఆయన గంపను ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. ప్లాట్‌ఫారం ఎక్కాక, "ఇంకో కారణం గూడ ఉండొచ్చు" అన్నాడు. "మీ భాషల ఏది చెప్పాలన్న ఆడో మగో తేల్చాలె అంటవు గద. తెలుగుల అయితె 'గిది' అంటె అయిపాయె."

అదీ నిజమే. మా భాషలో పుంజు కుక్డో, పెట్ట కుక్డి. వచ్చింది అనాలన్నా, పోయింది అనాలన్నా ఆడో మగో ముందు తేలాలి. ఆ నల్లపిల్ల గురించి మా భాషలో ఒక్క మాట కూడా తిన్నగా చెప్పలేం. కానీ నా మనసు మొదటి కారణాన్నే పట్టుకుంది.

రైల్లో గంప చప్పుడుకు పెట్టెలో అందరూ ఇటు తిరిగారు. ఎదురుగా కూరగాయల బుట్టతో కూర్చున్న పెద్దావిడ ముడి విప్పమంది. ఆ నల్లపిల్లను తీసుకుని తలకిందులుగా పట్టుకుంది.

"తల పైకి లేపితె పెట్ట" అంది. పిల్ల తల పైకి లేపింది. "సూసినవా, పెట్ట."

"గట్ల కాదవ్వా" అని కిటికీ పక్కనున్న ఆయన అందుకున్నాడు. "మెడ తోలు పట్టుకొని లేపాలె. కాళ్లు ముడుచుకుంటె పెట్ట, ఏలాడేస్తె పుంజు." పట్టుకుని లేపాడు. పిల్ల ఒక కాలు ముడిచి ఒక కాలు వేలాడేసింది. పెట్టెంతా నవ్వు.

"గుడ్డు సూడాలె గుడ్డు" అని ఇంకెవరో అన్నారు. "మొన కోసుగున్న గుడ్డుల పుంజుంటది."

"గుడ్డు పలిగినంక ఇప్పుడేం సూస్తవే?" అంది పెద్దావిడ.

వరంగల్ వచ్చేదాకా ఆ పిల్ల చేతులు మారుతూనే ఉంది. దిగేటప్పటికి సగం మంది పుంజన్నారు, సగం మంది పెట్టన్నారు. అది మాత్రం నూకలు తిని నా చేతిలో నిద్రపోయింది.

ఇంటికి చేరేసరికి అత్తమ్మ గేటు దగ్గర నిలబడి ఉంది. గంప అందుకుని అరుగు మీద పెట్టి ఒక్కొక్కదాన్నీ తీసి చూసింది. బాపు చెప్పినవన్నీ నేను చెబుతున్నాను. ఎర్రదాని దగ్గర ఆమె ఆగింది.

"గిది పెట్టని ఎవరన్నరు?"

"మా బాపు."

"మీ బాపు సరిగ సూడలే. గా రొమ్ము సూడు, ఎట్ల ఇరుసుకొని నిలవడ్డదో. గిది పుంజు." నల్లదాన్ని తీసి చాలాసేపు చూసింది. "గిదేంది, కొంగపిల్ల లెక్కున్నది?"

"దాన్ని తెల్వదన్నడు."

అత్తమ్మ ముఖంలో మొదటిసారి చిన్న నవ్వు కనబడింది. "తెల్వదన్నడా? మంచిగనే చెప్పిండు. మా నాయిన గూడ గిట్లనే అంటుండె, తెల్వకపోతె తెల్వదనేటోడు."

ఆ తర్వాత ఇంట్లో సందడి పెరిగింది. మూడో రోజే అత్తమ్మ నా మిషను దగ్గరికి వచ్చి, "మీ అమ్మకు ఫోన్ కొట్టు. ఎర్రది నిన్నటిసంది తెల్ల పుంజుల మీదికి ఉరుకుతున్నదని చెప్పు" అంది. స్పీకరు పెట్టి ఫోను మిషను బల్ల మీద ఉంచాను. మొదట ఇద్దరూ నాతోనే మాట్లాడారు. "అక్కకు చెప్పు" అని యాడి అంటుంది, "మీ అమ్మను అడుగు" అని అత్తమ్మ అంటుంది. మధ్యలో నేను. గుండీ కుడుతూ ఒకసారి జవాబు ఆలస్యం చేశాను. అత్తమ్మ ఆగలేక ఫోను వైపు వంగింది.

"గది కాదు, తోక సంగతి చెప్పు. తోక ఈకలు వంపు తిరుగుతున్నయి."

"తిరుగుతున్నయా అక్కా? అయితె పుంజే గావచ్చు. ఒక పని చెయ్యి, వాటి మీదికెళ్లి తువ్వాల ఇసురు. పెట్టలు కిందికి కూసుంటయి. పుంజులు తలెత్తి సూస్తయి."

అత్తమ్మ తువ్వాల తీసుకుని పెరట్లోకి పోయింది. నేను ఫోను పట్టుకుని వెనకాల పోయాను. తువ్వాల విసిరితే పిల్లలన్నీ బెదిరి తలో దిక్కు పరుగెత్తాయి, ఒక్కటీ కూర్చోలేదు, ఒక్కటీ తలెత్తలేదు. నల్లది మాత్రం తువ్వాల మీదెక్కి నిలబడింది.

"ఏమైంది అక్కా?" అని ఫోనులో యాడి.

"ఏం గాలే" అని అత్తమ్మ నవ్వింది. చీర చెంగుతో కళ్లు తుడుచుకునేంత నవ్వు. నేను ఆ ఇంట్లో అడుగుపెట్టాక ఆమె అట్లా నవ్వడం చూడలేదు.

సంక్రాంతి పోయి ఎండలు ముదిరేసరికి ఒక్కొక్కటీ తేలిపోయాయి. ఎర్రది పుంజే. ఒక తెల్లవారుజామున గొంతులో ఏదో అడ్డుపడినట్టు కూసింది. అత్తమ్మ మంచం మీద లేచి కూర్చుని, "విన్నవా పిల్లా? మీ బాపుకు చెప్పు" అంది. రంగుపిల్లలు మూడూ యాడి అన్నట్టే పుంజులయ్యాయి. చుక్కలదీ, బోడిమెడదీ పెట్టలే. నల్లది ఒక్కటే ఎటూ తేలలేదు. పుంజంత ఎత్తు పెరిగింది, కూత లేదు. పుంజులతో కలబడేది, పెట్టలతో కలిసి మట్టిలో పొర్లేది. సందులో కోళ్లకు కొక్కెర రోగం వస్తోందని విని అత్తమ్మా నేనూ వాటిని గంపలో వేసుకుని చుక్కల మందు కోసం పశువుల దవాఖానకు పోయాం. అక్కడి డాక్టరు సారు నల్లదాన్ని పట్టుకుని మెడ ఈకలు విప్పి చూశాడు. ఈకల కొనలు కొన్ని మొనదేలి, కొన్ని గుండ్రంగా ఉన్నాయి.

"ఇంకో నెల చూడండమ్మా" అన్నాడు. "కూస్తే పుంజు, గుడ్డు పెడితే పెట్ట."

"గది మాక్కూడ ఎరుకనే సారూ" అంది అత్తమ్మ. ఆయన గట్టిగా నవ్వి మందు వేశాడు.

దవాఖాన నుంచి వచ్చేటప్పుడు, ఎండకు చెంగు తలమీద కప్పుకుని, రోడ్డు వైపు చూస్తూ అత్తమ్మ అంది:

"గది పుంజయితె కోస్త. మీ అమ్మను, నాయినను పిలువు."

నేను అక్కడే ఆగిపోయాను. ఆమె ఆగలేదు, గంప చంకలో పెట్టుకుని నడిచిపోయింది.

ఆ రోజునుంచి నాకు ఆ నల్లపిల్లతో వింత అవస్థ మొదలైంది. అది నా కాళ్ల దగ్గర, మిషను కింద కూర్చునేది. దారం ముక్కలు పొడిచేది. దాన్ని చూస్తే ప్రాణం. అయినా రోజూ పొద్దున కళ్లు తెరవగానే అది కూస్తుందేమోనని చెవులు రిక్కించేదాన్ని. కూస్తే మా వాళ్లు వస్తారు. వస్తే అది ఉండదు. ఫోనులో యాడి కూడా ఏదీ తేల్చి అడిగేది కాదు. "నల్లది ఎట్లున్నది?" అనేది. "అట్లనే ఉన్నది" అనేదాన్ని. బాపు పక్కనే ఉండి వినేవాడని ఆమె చెప్పకపోయినా నాకు తెలిసేది, ఆయన దగ్గు వినబడేది.

ఎండాకాలం పోయింది. మొదటి వాన పడిన మర్నాడు మా ఆయన మొదటి షిఫ్టుకు పోయాడు. నేను పిండి కలుపుతున్నాను. పెరట్లోంచి అత్తమ్మ, "బిడ్డా!" అని పిలిచింది.

పిండి చేతులతోనే పరుగెత్తాను. ఆమె నన్ను బిడ్డా అనడం అదే మొదలని అప్పుడు గుర్తించలేదు, తర్వాత గుర్తొచ్చింది. కట్టెల కుప్ప వెనక గోనెసంచి మడతలో చిన్న గుడ్డు ఉంది. గోధుమరంగుది, పక్కన ఒక చుక్క రక్తం మరక. నల్లకోడి కట్టెల మీద నిలబడి ఇల్లెగిరిపోయేలా అరుస్తోంది.

అత్తమ్మ గుడ్డును అరచేతిలో పెట్టుకుని చూస్తోంది. నాకు నవ్వు రావాలి. రాలేదు. ముఖం పక్కకు తిప్పుకున్నాను. ఇన్ని నెలలుగా ఎదురుచూసింది ఒక్క గుడ్డుతో అయిపోయిందనిపించింది.

అత్తమ్మ నన్ను చూసింది. గుడ్డు నా చేతికివ్వకుండా, అట్లాగే పట్టుకుని లోపలికి పోయి నా ఫోను తీసుకొచ్చింది.

"కొట్టు" అంది.

పిండి అంటిన వేలితో నంబరు నొక్కాను. యాడి ఎత్తింది.

"వదినా" అంది అత్తమ్మ.

ఇద్దరు అక్కాచెల్లెళ్లు 'అక్కా' అనుకోవచ్చు, దారినపోయే మనిషినీ అక్కా అనవచ్చు. 'వదినా' అంటే మాత్రం వియ్యపురాలిగా ఒప్పుకున్నట్టే.

"వదినా, వింటున్నవా? నల్లది గుడ్డు పెట్టింది. పెట్టనే."

"పెట్టనేనా వదినా?" అంది యాడి. ఆమె గొంతు సన్నబడింది. "పోనీ. మంచిగైంది. గుడ్లు తిను."

"పుంజయితె కోసి మిమ్ముల పిలుస్తనన్న. నీ బిడ్డ చెప్పే ఉంటది."

"చెప్పింది."

"ఇప్పుడెట్ల మరి?"

"ఏం గాదు వదినా. మళ్లెప్పుడన్న వస్తం."

"మళ్లెప్పుడేంది?" అని అత్తమ్మ గొంతు పెంచింది. "ఇంట్ల ఆరు పుంజులున్నయి. గా ఎర్రదాన్ని అన్న పెట్టన్నడు, సందు మొత్తం నిద్ర చెడగొడ్తున్నది. గదాన్ని కోస్త. అన్నను తోలుకొని రా. ఇత్తనాలు పెట్టుడు అయినంక కాదు, గీ వారమే రాండ్రి. వానలు ముదిరితె మీకు తీరది."

పక్కనుంచి బాపు గొంతు వినబడింది, మా భాషలో, "వస్తమని చెప్పు" అని.

నేను ఆ మాటను తెలుగులో చెప్పబోయాను. అత్తమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "సమజయింది" అంది.

వాళ్లు ఆ ఆదివారం వచ్చారు. యాడి తండాలో పండిన జొన్నలూ, పచ్చిమిరపకాయలూ తెచ్చింది. బాపు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, మడతలు ఇంకా పోలేదు. గేటు దగ్గర అత్తమ్మ కాళ్లకు నీళ్లిచ్చింది. అందరూ కూర్చోగానే మా ఆయన ఫ్యాను వేశాడు, మళ్లీ ఆపాడు, మళ్లీ వేశాడు. అంతలో నల్లకోడి తలుపులోంచి లోపలికి వచ్చి, చుట్టాలను ఒక కంటితో చూసి, తిన్నగా మిషను కిందికి పోయింది.

"గిదేనా?" అని బాపు వంగాడు.

"గిదే అన్నా" అంది అత్తమ్మ. "మీరు తెల్వదన్నరు సూడు, గది. మీరు పెట్టన్నది పొయ్యి మీద ఉడుకుతున్నది."

బాపు ఒక్క నిమిషం అర్థం కానట్టు చూసి, తర్వాత తల వంచుకుని నవ్వాడు. భుజాలు కదిలేలా నవ్వాడు. అత్తమ్మా నవ్వింది. యాడి చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు. వంటింట్లోకి పోయి కూర కలిపే వంకతో నేనూ కాసేపు అదే పని చేశాను.

అన్నాలు తిన్నాక బాపు పెరట్లో జామచెట్టు కింద నిలబడ్డాడు. నేను చేతులు తుడుచుకుని పోయి పక్కన నిలబడ్డాను. ఆయన బోడిమెడదాన్ని చూస్తూ, మా భాషలో, "నిన్ను మంచిగ సూసుకుంటున్నరా?" అని అడిగాడు.

"సూసుకుంటున్నరు బాపూ."

"నాకు కనవడుతున్నది" అన్నాడు. జామకొమ్మను పట్టుకుని, "రాక తప్పు చేసిన" అన్నాడు.

"ఇప్పుడు వచ్చినవు గద" అన్నాను. ఆయన చెయ్యి నా తలమీదికి వచ్చింది. మిరపకాయల వాసన వేసే చెయ్యి. చాలాసేపు అట్లాగే ఉంచాడు.

సాయంత్రం బస్సుకు పోవాలని వచ్చారు గానీ అత్తమ్మ పోనివ్వలేదు. బాపుకు ముందుగదిలో మంచం వేసింది. యాడిని తన పక్కన పడుకోబెట్టుకుంది. ఏ గుడ్లు పొదిగిస్తే మంచిదో, బోడిమెడదాన్ని ఎర్రదాని తమ్ముడితో కలపాలా వద్దా అని ఇద్దరూ మాట్లాడుకుంటూనే ఉన్నారు. జాతిదాని పిల్లలకు ధర పలుకుతుందని యాడి అంటే, తాను అమ్మడానికి సాదడం లేదని అత్తమ్మ అంది.

మర్నాడు నేను లేచేసరికి తెల్లారింది. పెరట్లో గొడవ వినబడి కిటికీలోంచి చూశాను. యాడి చీపురు పట్టుకుని పెరడు ఊడుస్తోంది. అత్తమ్మ చీపురు రెండో కొస పట్టుకుని గుంజుతోంది.

"చుట్టపుదానివి వచ్చి ఊడుస్తవా? నలుగురు సూస్తె నన్నేమంటరు?"

"ఏమంటరు వదినా? మా ఇంట్ల కోళ్లే గద ఖరాబు చేసినయి."

"మీ ఇంట్లయి ఎట్లయితయి? ఆర్నెల్లు సాదింది నేను."

ఇద్దరూ చీపురు వదలలేదు. కోళ్లు వాళ్ల కాళ్ల మధ్య ఏరుకు తింటున్నాయి. నేను కిటికీ దగ్గర కాసేపు నిలబడి, వాళ్లు నన్ను చూడకముందే వంటింట్లోకి పోయి పొయ్యి మీద అయిదుగురికి చాయ్ పెట్టాను.